నేను పట్టుకున్న కళ్ళెం

2022లో నేను గాజువాక దాటాక ఎలమంచిలి వైపు పోయే హైవే పక్కన ఒక రైడింగ్ స్కూల్లో గుర్రపుస్వారీ నేర్పేవాణ్ణి. అంతకుముందు ఇరవై ఏళ్ళు బీచ్‌లో గుర్రం తిప్పాను. జనాన్ని ఎక్కించి, కళ్ళెం పట్టుకుని పక్కనే నడిచి, ఫొటో అయ్యాక దింపడం. దాన్నే స్వారీ అనుకునేవాళ్ళ పుణ్యమా అని నా ఇల్లు గడిచింది.

మా లాయం శుభ్రం చేసే నూకరత్నం మల్కాపురం పిల్ల, చేపలవేట కుటుంబం. పిల్లల బ్యాచ్‌కి ట్రైనర్ కోసం ఓనరమ్మ వెతుకుతుంటే, "నాను సేత్తాను మేడమ్" అని ముందుకొచ్చింది. మూడు నెలల్లో బాద్‌షా మీద స్వారీ చేసి చూపిస్తే ఉద్యోగం ఇస్తానంది ఓనరమ్మ.

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. బాద్‌షా పెళ్ళి ఊరేగింపుల నుంచి వచ్చిన గుర్రం. ఏళ్ళ తరబడి గంతలు కట్టి నడిపారు. అవి తీసేసరికి కనబడిందల్లా భయమే. స్టీల్ కాయిల్స్ లారీ హారన్ కొట్టినా, ప్లాస్టిక్ కవర్ ఎగిరినా పక్కకి దూకేది. ఆ ఉలికిపాటుని మేం స్పూక్ అంటాం.

మొదటి వారంలోనే నూకరత్నం రెండుసార్లు కిందపడింది. మూడోసారి ఎక్కబోయి, రికాబులో పెట్టిన కాలు వెనక్కి తీసేసింది.

"అదేటి సూత్తందో నాకు తెలట్లేదు మాస్టారూ."

"దాని సూపుతో నీకేటి పని? నువ్వెల్లాల్సిన ఏపు నువ్వు సూడు. దాన్ని కాళీగా ఉంచకు. పదడుగులకో పని సెప్పు."

గుండ్రంగా తిప్పడం ఒక పని. హాఫ్ హాల్ట్ ఇంకొకటి, అంటే ఆపబోతున్నట్టు నడుము క్షణం బిగించి మళ్ళీ సాగనివ్వడం. భయంలో ఊపిరి బిగబట్టకుండా ఆమె చేపల పేర్లు పైకి అనుకునేది. వంజరం, చందువా, కవ్వళ్ళు. రెండో నెలకి బాద్‌షా చెవులు ఆమె గొంతు వైపు తిరగడం మొదలైంది. గుర్రం రౌతు మాట వింటోందనడానికి అదే గుర్తు.

పరీక్ష రోజు ఓనరమ్మ కంచె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నూకరత్నం రెండు చుట్లు చక్కగా తిప్పింది. మూడో చుట్టులో గడ్డివాము మీది టార్పాలిన్ గాలికి లేచింది. బాద్‌షా తల ఎత్తి బిగుసుకుంది. ఆమె కదలకుండా కూర్చుని "వంజరం, చందువా" అంటోంది. గుర్రం చెవులు వెనక్కి తిరిగాయి. నేను కళ్ళారా చూశాను. చూస్తూనే పరుగెత్తి కళ్ళెం పట్టేశాను. బీచ్ అలవాటు.

"ఒకరు పట్టుకుంటేగానీ నడపలేని అమ్మాయికి పిల్లల్నెలా అప్పగించను?" అంది ఓనరమ్మ.

తప్పు నాదేనని బతిమాలాను.

"నేర్పిన నువ్వే నమ్మలేదు. నన్ను నమ్మమంటావేమయ్యా?"

నూకరత్నం దిగి, జీను విప్పి, నా వైపు చూడకుండానే అంది. "బాద్‌షా బెదర్లేదు మాస్టారూ. మీరే బెదిరిపోనారు."

ఆ నెలాఖరుకి మానేసింది. ఇప్పుడు రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీస్తోందని విన్నాను. వెళ్ళి పలకరించే మొహం నాకు లేదు.

శిష్యులకి ధైర్యం చెప్పడం తేలిక, వాళ్ళ ధైర్యాన్ని నమ్మి దూరంగా నిలబడడమే కష్టం. కొత్తవాళ్ళు గుర్రమెక్కితే ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాలినవి మాత్రం నా చేతులు కావు.