వేయించని ఇంజెక్షన్

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. "లేదమ్మా" అన్న ఒక్క మాట అది. నా పేరు రాయను. మా ఇల్లు విజయవాడ పటమటలో అనీ, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాననీ తెలిస్తే చాలు. సైన్సు టీచర్నని ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానని మీరు నా మీద జాలిపడకూడదు.

మా కోడలు సునీతకు మొదటిసారి కడుపు నిలిచినప్పుడు, మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాను. మా ఇళ్లలో అది మామూలే. నిండకుండానే పోయింది. అదీ మా అమ్మాయి నిశ్చితార్థానికి ముందు రోజు. మా అబ్బాయి ఊళ్లో లేడు. చుట్టాల కంట పడకుండా నేనే ఆటోలో నర్సింగ్ హోముకు తీసుకెళ్లాను. గర్భసంచి శుభ్రం చేశాక, సునీత ఇంకా మత్తులో ఉండగా డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. కోడలిది నెగెటివ్ గ్రూపు, అబ్బాయిది పాజిటివ్ కాబట్టి మూడు రోజుల్లోపు ఒక ఇంజెక్షన్ తప్పకుండా వేయించాలనీ, అది తమ దగ్గర లేదు కనుక పెద్దాసుపత్రికి తీసుకెళ్లమనీ చెప్పారు. తల ఊపాను.

తీసుకెళ్లలేదు. తెల్లారితే కూచిపూడి అవతల వియ్యాలవారి ఊరికి బయల్దేరాలి. ఇంటినిండా చుట్టాలు. మళ్లీ ఆసుపత్రంటే ఎందుకని అడుగుతారు, సంగతి మగపెళ్లివారి దాకా పోతుంది, తాంబూలాలు పుచ్చుకునే వేళ ఇదేం శకునమని వాళ్లు వెనకాడతారు. సునీతకు ఒంట్లో నలతగా ఉందని అందరికీ చెప్పి ఇంట్లో పడుకోబెట్టాను. తిరిగొచ్చాక చూద్దామనుకున్నాను. తిరిగొచ్చాక చుట్టాలను సాగనంపే హడావుడి. గడువు దాటిపోవడం నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. అందరికీ ప్రమాదం జరుగుతుందా ఏమిటి అనుకున్నాను. రక్త వర్గాల గురించి బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పిన మనిషినేనా నేను?

రెండోసారి కడుపు నిలిచాక సునీత రక్తంలో యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయన్నారు. పై నెలకు ఇంకా పెరిగాయి. ఈసారి చూసిన డాక్టరమ్మ ఓపిగ్గా విడమరిచి చెప్పారు. పోయిన బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలిసింది. తల్లి ఒళ్లు దాన్ని పరాయిదనుకుని, చంపడానికి యాంటీబాడీలు తయారు చేసుకుంది. ఇప్పుడవే ఈ బిడ్డ రక్తకణాల మీద పడుతున్నాయి. అవి తయారు కాకముందే ఇంజెక్షన్ పడి ఉండాల్సింది, ఇప్పుడు వేసినా లాభం లేదు.

"అప్పుడు ఇంజెక్షన్ సంగతి ఎవరూ చెప్పలేదామ్మా?" అని అడిగారు ఆవిడ.

సునీత నావైపు తిరిగింది. "నాకేం గుర్తు లేదండీ. అత్తయ్యా, మీతో ఏమన్నా చెప్పారా?"

"లేదమ్మా. ఎవరూ ఏం చెప్పలేదు."

సునీత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ధైర్యం కోసం. నేనూ పట్టుకున్నాను.

పాప నెలలు నిండకుండా పుట్టింది. ఒళ్లంతా పచ్చగా ఉంది. రక్తం మార్చారు. బతికింది కానీ చెవులు పోయాయి. ఇప్పుడు ఆరేళ్లు. పక్కనే కుక్కరు కూత వేసినా తలెత్తదు. తన రక్తమే బిడ్డనిలా చేసిందని సునీత ఏడుస్తుంది. ఇంకో బిడ్డ వద్దంది. కోడలి రక్తం మంచిది కాదని ఒకావిడ నోరు జారితే నేనే ఆవిణ్ణి దులిపేశాను. అప్పట్నుంచి మంచి అత్తగారినని పేరొచ్చింది. ఆ పేరు పోతుందనేనా ఇన్నాళ్లూ నోరు విప్పలేదు? అంతకన్నా పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

నేను మాట్లాడుతుంటే నా గొంతు మీద అరచెయ్యి పెట్టి చూడటం పాపకు ఆట. ఇవాళ పొద్దున అలాగే పెట్టింది. "చెప్పారమ్మా, నాతోనే చెప్పారు" అన్నాను పైకి. గొంతు వణికినందుకు పాప నవ్వింది. వినపడని పిల్లకు చెప్పుకుంటున్నానా? సిగ్గేసింది. వంటింట్లోంచి సునీతను పిలిచి మొదటినుంచీ అంతా చెప్పాను.

సునీత నా ఒళ్లోంచి పాపను తీసుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఇంకా తియ్యలేదు. నేను బయట కూర్చుని ఇది రాస్తున్నాను. భయంగా ఉంది. తలుపు తీశాక తను ఏం అన్నా పడాల్సిందే. ఆనాడు తను అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పేశాను.