బొబ్బిలి జీళ్లు

నాకు కాలు ఒకచోట నిలవదు. చిన్నప్పుడు మా నాన్నగారు వరండాలో శిష్యులకు నాదస్వరం పాఠం చెబుతుంటే నేను ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతూ ఉండేదాన్నట. తాళం చెడగొడుతున్నానని కసిరేవారు. పెళ్లయింది, పిల్లలు పెరిగారు, ఉద్యోగం నుంచి విరమించాను, ఆ జబ్బు మాత్రం తగ్గలేదు. దానికి ఓ పని దొరికింది, అంతే. విజయనగరంలో మేం నలుగురు ఆడవాళ్లం కలిసి, అనాథల హోంలో పెరిగిన ఆడపిల్లలు పద్దెనిమిదేళ్లు నిండి బయటికి వచ్చేటప్పుడు వాళ్లకో గది, ఓ గ్యాసు పొయ్యి, ఓ ఉద్యోగం చూసిపెడుతుంటాం. నిలదొక్కుకునేదాకా వెనకాల ఉంటాం. ఉద్యోగాలూ బ్యాంకు పనులూ మిగతా ముగ్గురూ చూస్తారు. గదులు వెతకడం నా వంతు.

ఉద్యోగమైనా దొరుకుతుంది గానీ గది దొరకదు. మా వైపు గది అడగడానికి వెళితే అద్దె మాట తర్వాత. ముందు అడిగేది ఎవరి తాలూకు అని. ఏ ఊరు, ఎవరింటి పిల్ల, మనవాళ్లకి ఏమవుతుంది. ఇందులో చెడ్డతనం ఏమీ లేదు, అలవాటు. బస్సులో పక్క సీటు మనిషిని కూడా అడిగి, దిగేలోపు ఏదో ఒక వరస కలిపేస్తారు. తల్లీ తండ్రీ ఎవరో తెలియని పిల్ల ఆ మాటకి ఏం చెబుతుంది? హోం అనగానే ఇంటావిడ ముఖం మారిపోతుంది. గది ఇస్తామని మొన్ననే ఎవరికో మాటిచ్చామంటుంది. బయట టులెట్ బోర్డు మాత్రం అలాగే వేలాడుతూ ఉంటుంది. గుమ్మం గుమ్మం దగ్గరా ఆ మాట విని విని నాకు ఒళ్లు మండిపోయింది.

అందుకే ఈ పిల్ల విషయంలో నేను అబద్ధం ఆడేశాను.

ఈ పిల్ల మాట తక్కువ మనిషి. రక్తపరీక్షల ల్యాబులో కౌంటరు దగ్గర ఉద్యోగం కుదిరింది. నెలాఖరుకల్లా హోం ఖాళీ చెయ్యాలి. ఊరి చివర ఓ ఇంటి మేడ మీద చిన్న గది ఉందంటే తీసుకెళ్లాను. కింద ఉండేది రైతు కుటుంబం, పొలం కౌలుకిచ్చి టౌనులో ఇల్లు కట్టుకున్నారు. మెట్ల మీద ఇంటావిడ అత్తగారు కూర్చుని ఉంది. ముసలావిడకి చూపు ఆనదు. గేటు చప్పుడైతే చాలు, ఎవలే, ఎవలి తాలూకు అని అడుగుతుంది. పాలవాణ్ణయినా అడుగుతుంది. మా పుట్టింటివాళ్లు తరతరాలుగా గుడిలో నాదస్వరం సేవ చేసినవాళ్లు. ఆ ఇంటిపేరు చెబితే ఈ చుట్టుపక్కల కాస్త మర్యాద ఉంది. ముందు అది చెప్పాను. తర్వాత ఈ పిల్ల మా తోటికోడలి చెల్లెలి కూతురనీ, బొబ్బిలి అనీ చెప్పాను. అంత దూరపు చుట్టరికాన్ని ఎవరు ఆరా తీస్తారులే అనుకున్నాను.

బొబ్బిలి మాట వినగానే ఇంటావిడ ముఖం విప్పారింది. ఆవిడ పుట్టిల్లు బొబ్బిలేనట. తండ్రి పోయాక ఆ ఊరు వెళ్లి ఎన్నో ఏళ్లయిందట. గది అక్కడికక్కడే ఇచ్చేసింది. దారిపొడుగునా నా తెలివికి నేనే మురిసిపోతూ, నన్ను పెద్దమ్మా అని పిలవాలని ఆ పిల్లకి పాఠం చెబుతూ వచ్చాను. పిల్ల తలూపింది.

నెల తిరిగేసరికి ఓ సాయంత్రం నెల్లిమర్ల బస్సు కోసం ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లాను. అక్కడ బెంచీ మీద ఈ పిల్ల కూర్చుని ఉంది. గది తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతోంది. ల్యాబు మూసేసి ఎంతో సేపయి ఉంటుంది. ఇంటికి వెళ్లకుండా ఇక్కడేం పని అని కసిరాను. తాళంచెవి తిప్పడం ఆపి నెమ్మదిగా చెప్పింది.

"ఆవిడ మెట్ల మీద కూకుంటాది మేడం. బొబ్బిలి గురించి అడుగుతాది."

పొద్దు గుంకేవేళ ఇంటావిడ కూరలు తరుగుతూ అత్తగారి పక్కన కూర్చుంటుందట. పిల్ల పైకి వెళ్లాలంటే వాళ్లని దాటే వెళ్లాలి. కూర్చోబెట్టి, ఫలానా వీధి అలాగే ఉందా, ఫలానా బడి ఉందా అని అడుగుతుందట. ప్రేమగానే అడుగుతుంది, అదే పెద్ద బాధ. బొబ్బిలి మొహం ఎరగని పిల్ల అన్నిటికీ ఉన్నాదండి, ఉన్నాదండి అంటూ వచ్చింది. కోట దగ్గర బెల్లం జీళ్ల కొట్టు ఉందా అంటే అదీ ఉన్నాదంది. అయితే ఈసారి ఊరెళ్లినప్పుడు అరకేజీ తెమ్మంది ఇంటావిడ. ఆ రోజు నుంచి ఈ పిల్ల వాళ్లు లోపలికి వెళ్లేదాకా వీధులు తిరిగి, కాలు నొప్పెడితే ఇక్కడికొచ్చి కూర్చుంటోంది. ఇన్ని తిప్పలు పడి గది సంపాదిస్తే ఆ పిల్ల మళ్లీ బస్టాండులోనే తేలింది.

అంతకన్నా భయం పుట్టించే సంగతి ఇంకొకటుంది. రోజూ అదే బెంచీ మీద చూసి ఓ ఆడమనిషి పరిచయం చేసుకుందట. తమిళనాడులో బట్టల ఫ్యాక్టరీ ఉంది, హాస్టలు ఉంది, అక్కడ ఎవరినీ ఎవరి తాలూకని అడగరు, సోమవారం రైలుబండికి రమ్మందట. ఆ ఫ్యాక్టరీ పేరేమిటంటే తెలియదు. ఆ మనిషిది ఏ ఊరంటే తెలియదు. అలా వెళ్లిన పిల్లల్లో కొందరు మళ్లీ ఫోనైనా చెయ్యలేదు. ఆదివారం దాకా ఆగమని బతిమాలాను. నా బస్సు వెళ్లిపోయింది, అదీ చూసుకోలేదు.

మామూలు మనిషయితే ఇంటావిడ దగ్గరికెళ్లి నిజం చెప్పేది. నేను చెప్పలేదు. ఆ అబద్ధాన్ని బాగుచేద్దామని బయల్దేరాను. ఆదివారం పొద్దున్నే పిల్లని బొబ్బిలి బస్సెక్కించాను, సొంత ఊరు చూపించడానికి.

ఎండలో ఊరంతా తిప్పాను. ఇదిగో కోట, ఇదిగో సంత, ఇదిగో మా తోటికోడలి పుట్టిల్లు. ఆ ఇంటి ముందు మాత్రం ఇద్దరం తలలు పక్కకి తిప్పుకుని నడిచాం. వీణలు చేసేచోట ఓ పెద్దాయన పనసచెక్క తొలుస్తుంటే పిల్ల నిలబడి చూసింది. ఆయన తలెత్తి, నవ్వుతూ, ఎవలి తాలూకమ్మా అన్నాడు. పిల్ల నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది. జీళ్ల కొట్టు ఉండాల్సినచోట సెల్‌ఫోన్ల షాపు ఉంది. అందులో కుర్రాడికి జీళ్ల సంగతే తెలియదు. నేను వేరే వీధిలో అరకేజీ కొని, ఆ కొట్టువేనని చెప్పమన్నాను.

తిరుగు బస్సులో పిల్ల పొట్లం ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. విజయనగరం దగ్గరపడ్డాక ఇటు తిరిగింది.

"రేపు ఆవిడ ఇంకేటో అడుగుతాది. ఎల్లుండి ఇంకేటో. ఎన్నిసార్లు రావాలి మేడం బొబ్బిలి?"

ఎన్నిసార్లయినా తీసుకొస్తానన్నాను. అంతకన్నా బుద్ధి తక్కువ మాట నా జన్మలో అనలేదు.

గేటు తీసేసరికి అత్తాకోడళ్లిద్దరూ మెట్ల మీదే ఉన్నారు. పిల్ల పొట్లం ఇంటావిడ చేతిలో పెట్టింది. నేను వెనకనుంచి, ఆ కొట్టువే, వెతికి మరీ తెచ్చింది అంటూ మొదలుపెట్టాను. పిల్ల నా మాటకి అడ్డం వచ్చింది.

"ఆ కొట్టువి కాదండి. ఆ కొట్టు ఇప్పుడు లేదు. నాది బొబ్బిలి కూడా కాదు. ఈరోజే సూశాను. నేను హోం పిల్లని."

ఇంటావిడ చెయ్యి పొట్లం మీదే ఆగిపోయింది. మరి నీ ఊరేటి అని అడిగింది. తెల్దండి, చీపురుపల్లి స్టేషన్లో దొరికానంటారు అంది పిల్ల. తల దించలేదు. ఇంటావిడ పిల్లని పైకి వెళ్లమంది. నావైపు చూడకుండా, నువ్వెళ్లు అంది. అప్పటిదాకా నన్ను మీరు అనేది.

ఆ వారమంతా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. సోమవారం బండి వెళ్లేవేళకి స్టేషనుకి పరిగెత్తి ప్లాట్‌ఫారం అంతా వెతికాను, పిల్ల కనబడలేదు. ఊరట కలగలేదు, భయం ఇంకా పెరిగింది. ల్యాబుకి ఫోన్ చేస్తే పనిలోనే ఉందన్నారు. పిల్లని ఫోను దగ్గరికి పిలిపించి గది ఉందా పోయిందా అంటే తనకీ తెలియదంది. ఇంటావిడ ఏమీ అనడం లేదట, మెట్ల మీదికీ రావడం లేదట. నేను అద్దెగదుల కోసం మళ్లీ వీధులు పట్టాను. రెండు గుమ్మాల దగ్గర నోటిదాకా బొబ్బిలి వచ్చింది, మింగేశాను. హోం అన్నాను. రెండుచోట్లా గది లేదన్నారు.

వారం చివర ఇంటావిడ ఆటో దిగి మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"ఆ పిల్ల గుంట మా మేడ మీదే ఉంటాది. మా ఆయన గొణుగుతున్నాడు, అది నేను సూసుకుంటాను. రేపు నా ఇంట్లో ఏటి జరిగినా ఆ గుంట నిజమే సెప్తాది. నువ్వు సెప్పవు. పెద్దింటి మనిషివని నమ్మాను. ఇంక మా మెట్లెక్కకు."

అవమానంతో నా చెవులు కాలిపోయాయి. అదే క్షణంలో ఎగిరి గంతెయ్యాలనిపించేంత సంతోషమూ కలిగింది. నా ఇంటిపేరుతో వచ్చిన గది పోయి, ఆ పిల్ల మాటతో వచ్చిన గది మిగిలింది.

పోయిన నెల గ్యాసు కనెక్షన్ పని మీద ఆ పిల్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. గేటు బయటే నిలబడ్డాను. నిలబడ్డానంటే అబద్ధం, అటూ ఇటూ తచ్చాడుతున్నాను. పిల్ల మెట్ల మీద ముసలావిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. లోపల ఇంటావిడ గిన్నెల చప్పుడు వినబడుతోంది. ముసలావిడకి నా అడుగులు వినబడినట్టున్నాయి.

"ఎవలే ఆ వీధిలో? ఎవలి తాలూకు?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. నాకు నోరు పెగల్లేదు. అన్నేళ్లుగా అందరి గుమ్మాల దగ్గరా గడగడా జవాబు చెప్పినదాన్ని.

"నా తాలూకే మామ్మా," అంది పిల్ల.

అయితే నిలబెట్టీసేవేటే అని ముసలావిడ కసిరింది. పిల్ల లోపలికెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. కాసేపటికి ఓ ప్లాస్టిక్ కుర్చీ మోసుకుంటూ బయటికొచ్చి, గేటు దాటి, వీధిలో కాలవ పక్కన వేసింది. మెట్లెక్కకూడదన్నారు కదా మేడం, ఇక్కడ కూకోండి అంది.

కూర్చున్నాను.