గంట ముందు వచ్చిన పోటు

అట్రాక్టా గిల్మార్టిన్‌కు సముద్రమంటే భయం. ఆ సంగతి దేవుడికీ, తన ముసలి ఆడగుర్రం సిల్కీకీ తప్ప మూడో ప్రాణికి తెలియదని ఆమె నమ్మకం. తెలిసినా ఎవరు నమ్ముతారు? ఐర్లండు పడమటి ఒడ్డున ఆ మేయో పల్లెలో, సెలవులకు వచ్చినవాళ్లను గుర్రాలెక్కించి, నీళ్లు తీసిన వేళ ఇసుక మీదుగా ఇనిష్‌డారా దీవికి తీసుకెళ్లి తీసుకురావడం ముప్ఫై ఏళ్లుగా ఆమె పని. ఇసుకలో కాలు పెట్టగానే ఆమె పెదవులు కదులుతాయి. వచ్చినవాళ్లు ఏదో కూనిరాగం అనుకుంటారు. అది మరియమ్మకు చెప్పుకునే వందనం.

తొమ్మిదేళ్లప్పుడు తండ్రి వెనకే మరో గుర్రం మీద ఆ ఇసుక దాటుతూ నీటి పాయలో దిగింది. "నీళ్లలో పగ్గం వదిలెయ్యమ్మా. దారి నీకు తెలీదు, గుర్రానికి తెలుసు" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. భయంతో ఆమె పగ్గం బిగించి లాగింది. తల పక్కకు తిరిగిన గుర్రం గుంటలో పడింది. తండ్రి జుట్టు పట్టి ఆమెను పైకి లాగాడు గానీ గుర్రం మాత్రం పైకి రాలేదు. ఇంటికొచ్చాక ఆయన తిట్టకుండా పొడి మేజోళ్లు తొడిగి, వేడి పాలు చేతికిచ్చాడు. ఆ పాల రుచి ఆమెకు ఇప్పటికీ గుర్తే.

అది అక్టోబరు చివరి ఆదివారం. మార్చిలో గంట ముందుకు జరిపిన గడియారాలను తెల్లవారేసరికి దేశమంతా మళ్లీ గంట వెనక్కి జరిపే రోజు. అట్రాక్టా వంటింట్లో మాత్రం జరపాల్సిన పని లేదు. వాళ్లమ్మ బతికినన్నాళ్లూ ఆ గోడ గడియారాన్ని ముట్టుకోనివ్వలేదు. "సర్కారు టైము సర్కారుకి, దేవుడి టైము మనకి" అనేది. ఆమె పోయినా గడియారం అలాగే నడుస్తోంది. ఆటుపోట్ల పుస్తకం కూడా ఏడాది పొడుగునా ఆ టైమే చెబుతుంది. అందుకే మార్చి మొదలు అట్రాక్టా పుస్తకం చూసి, ఒక గంట కలిపి, తలుపు పక్కన పలక మీద రాస్తుంది. ఏడు నెలలుగా ఆమె చేతికి అదే అలవాటు.

పుస్తకంలో ఆ రోజు నీళ్లు పూర్తిగా తీసే వేళ పన్నెండూ పది. ఆమె పలక మీద ఒంటిగంటా పది అని రాసి పూజకు వెళ్లింది.

గుడి దగ్గర అందరూ ప్యాకీ డర్కన్‌ను చూసి నవ్వుతున్నారు. ఇసుక అంచునే ఇల్లున్న ఒంటరి ముసలాయన. గడియారం మార్చడం మరిచి గంట ముందు వచ్చి, తాళమేసిన తలుపు దగ్గర వానలో నిలబడ్డాడట.

"ఏం ప్యాకీ, దేవుణ్ణి నిద్ర కూడా పోనివ్వవా?" అంది అట్రాక్టా.

"నవ్వు తల్లీ, నవ్వు. తడుస్తూ నిలబడి ఓ జపమాల పూర్తిచేశా. అందులో నీ పేరునా ఓ పది పూసలున్నాయి."

"నా పేరున దేనికి?"

"ఇవాళ ఇసుక మీదికి పోతున్నావుగా!"

ఆ ఏడాదికి అదే ఆఖరి సవారీ. వచ్చింది డబ్లిన్ జంట, రోనన్, ఓర్లా. ఓర్లా చిన్నప్పటి నుంచీ గుర్రాలెరిగిన పిల్ల. రోనన్ తనకూ వచ్చని ఆమెతో చెప్పాడు గానీ, జీను ఎక్కుతుండగానే అబద్ధం బయటపడింది. ఓర్లా అటు తిరగగానే అతను అట్రాక్టా పక్కకు వంగాడు.

"అమ్మా, జేబులో ఉంగరం ఉంది. దీవిలో పునీతుడి బావి దగ్గర అడుగుదామని..."

"ముందు రికాబులో కాలు పెట్టు బాబూ. ఉంగరం ఎక్కడికీ పోదు" అంటూ మూడు గుర్రాల మీదా తీర్థం చల్లింది.

ప్యాకీ గేటు దాటేటప్పుడు లెక్క చెప్పడం ఆ ఊరి పద్ధతి. "ముగ్గురం!" అని కేకేసింది. "ముగ్గురూ నా లెక్కలో ఉన్నారు, పోయిరండి" అని లోపల్నుంచి జవాబొచ్చింది. గుడిలో మధ్యాహ్నపు జపం గంట మోగుతుండగా ఇసుకలో దిగారు. ఆమె లెక్కన నీళ్లు ఇంకో గంట తీస్తాయి, రెండున్నర దాకా భయం లేదు. అయినా కూనిరాగం ఆగలేదు.

బావి దగ్గర సోడా రొట్టె, టీ అయ్యాయి. రోనన్ మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు, మూడుసార్లూ వాతావరణం గురించే మాట్లాడాడు. ఒకటిన్నరకు జాలిగా అట్రాక్టా వైపు చూశాడు. "మేమిద్దరం నెమ్మదిగా ముందు నడుస్తుంటామండీ. దారి పొడుగునా గుంజలున్నాయిగా."

సిల్కీ ముందు లేకుండా ఎవరినీ ఇసుక మీదికి పంపకపోవడం ఆమె ముప్ఫై ఏళ్ల నియమం. పాపం, పిల్లవాడు ఇంత దూరం వచ్చాడు, ఆ ఒక్క మాటకు చోటివ్వకపోతే ఎలా అనుకుంది. "గుంజలు దాటి పక్కకు పోకండి" అని పంపేసింది.

కప్పులు సర్ది, సిల్కీ నడుంపట్టీ బిగించి తలెత్తింది. ఇసుక మధ్యలో కోడిపెట్ట అని పిలిచే నల్లరాయి ఉంది. పెట్ట నీళ్లలో కూర్చుంటే మనిషి ఇసుక మీద ఉండకూడదు. ఆమె లెక్కన అది ఇంకో గంట పొడిగా ఉండాలి. కానీ పెట్ట నీళ్లలో కూర్చుని ఉంది.

ముందు కళ్లే మోసం చేశాయనుకుంది. అంతలో వానలో తడిసిన ప్యాకీ గుర్తొచ్చాడు. సర్కారు టైము పొద్దున్నే దేవుడి టైముతో కలిసిపోయింది, తన చెయ్యి మాత్రం ఇంకా గంట కలుపుతూనే ఉంది. ఆయన మరుపుకు చొక్కా తడిసింది. తన మరుపుకు ఇద్దరు పిల్లలు ఇసుక మీదున్నారు.

 జీను మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది. ఇక్కడే నిలబడితే తను బతుకుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడి, "తల్లీ, మరియమ్మా" అంటూ జీనెక్కింది.

అప్పటికే పొగమంచు దిగుతోంది. సగం దూరంలో ఇసుక మేట మీద వాళ్లు నిలబడి కనిపించారు. ఓర్లా ఒడ్డువైపే చూస్తోంది.

"అమ్మా, ముందంతా నీళ్లొచ్చాయేంటి? వెళ్లేటప్పుడు లేవుగా!"

అట్రాక్టా వెనక్కి చూసింది. తను వచ్చిన గిట్టల గుర్తుల్లోనూ నీళ్లు నిండుతున్నాయి. దీవి మంచులో మాయమైంది.

"తప్పు నాది తల్లీ. పోటు వేళ తప్పుగా రాశాను. ఇప్పుడు పాయ దాటాలి. పగ్గాలు వదిలి జూలు పట్టుకోండి. నా వెనకే రండి. రోనన్ బాబూ, నువ్వు మధ్యలో."

"ఎంత లోతుంటుంది?" రోనన్ అడిగాడు.

"తెలీదు బాబూ."

సిల్కీ నీళ్లలో దిగింది. మోకాళ్లు మునిగాయి, పొట్ట మునిగింది. చన్నీళ్లు బూట్లలోకి వచ్చేసరికి అట్రాక్టా చేతులు వాటంతటవే పగ్గం మీద బిగుసుకున్నాయి. సరిగ్గా అప్పుడే సిల్కీ గుంజల వరస వదిలి ఎడమకు తిరగబోయింది.

"దారి అటు కదమ్మా! గుంజలు కుడివైపున్నాయి!" వెనక రోనన్ అరిచాడు.

పగ్గం లాగితే చాలు, కుడికి తిరుగుతుంది. ఆమెకు మళ్లీ తొమ్మిదేళ్లు వచ్చాయి. వేళ్లు విప్పడం అంత కష్టమని ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఒక్కో వేలూ ప్రార్థన చెప్పుకుంటూ విప్పింది. పగ్గం గుర్రం మెడ మీద పడింది.

సిల్కీ ఎడమకే పోయింది. నీళ్లు జీను దాకా వచ్చాయి. ఒకచోట గుర్రం కాళ్లకు నేల అందలేదని ఆమె ఒంటికి తెలిసింది.

"ఓర్లా! మనం బయటపడితే, నన్ను పెళ్లి..."

"ముందు గుర్రం మీద ఉండరా బాబూ! నోరు మూసుకో, ఉప్పునీళ్లు పోతాయి!" వెనక నుంచి ఓర్లా అరిచింది.

అంతలో మంచులోంచి ట్రాక్టర్ హారన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. సిల్కీ చెవులు నిక్కించి సూటిగా అటే ఈదింది. కాసేపటికి గిట్టల కింద గట్టి నేల తగిలింది.

నీళ్ల అంచున లైట్లేసిన ట్రాక్టర్ మీద, పూజకు వేసుకున్న కోటుతోనే ప్యాకీ నిలబడి ఉన్నాడు. మంచులోకి వేలు చూపిస్తూ "ఒకటి... రెండు..." అని ఆగాడు. మూడోదిగా ఓర్లా గుర్రం బయటికొచ్చేదాకా ఆయన వేలు గాలిలోనే ఉంది.

తన వంటింట్లో పొయ్యి ముందు దుప్పట్లలో కూర్చోబెట్టి అందరికీ టీ ఇచ్చాడు. ఓర్లా కప్పు పట్టుకుని, "నీళ్లలో ఏదో అడిగావు?" అంది. రోనన్ తడిసిన జేబులో వెతుకుతుంటే, "ఉంగరం తర్వాత చూద్దాం. అడిగినదానికి సరే. కానీ గుర్రపుసవారీ ముందు నేర్చుకోవాలి" అంది.

అట్రాక్టా పెరట్లోని లాయంలోకి వెళ్లింది. ప్యాకీ తన మంచి కోటు విప్పి దానితోనే సిల్కీ ఒళ్లు తుడుస్తున్నాడు.

"నీకెలా తెలిసింది ప్యాకీ?"

"పొద్దున నాకు జరిగిందేగా. ఒంటిగంట దాటినా మీరు రాలేదు. ఈ మనిషి కూడా గంట తప్పిందేమోనని భయమేసింది." కోటు మరోవైపు తిప్పాడు. "నేను దేవుడి గుడికి గంట ముందు పోయా. నువ్వు ఏకంగా ఆయన దగ్గరికే పోబోయావు."

ఆమెకు నవ్వు రాలేదు.  "నాకు ఆ ఇసుకంటే భయం ప్యాకీ. ముప్ఫై ఏళ్లుగా ప్రతిరోజూ భయమే. ఇవాళ ఆ పిల్లలిద్దరినీ..."

ప్యాకీ తుడవడం ఆపలేదు. "తెలుసు. లేకపోతే రోజూ కిటికీ దగ్గర కూర్చుని ఎందుకు లెక్కపెడతాను? ఇంద, ఆ కాలు నువ్వు తుడువు. ముసల్ది చలికి వణుకుతోంది."

ఆమె పిడికెడు ఎండుగడ్డి తీసుకుని కాలు తుడవడానికి వంగింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి పలక మీది అంకెను గుడ్డతో కాదు, తీర్థంలో ముంచిన వేలితో తుడిచింది. గోడ గడియారాన్ని ముట్టుకోలేదు. దాని తప్పేమీ లేదు. మరుసటి ఏడు సవారీలు మొదలైననాటి నుంచి ఆటుపోట్ల పుస్తకం మాత్రం రెండు ఇళ్లలో తెరుచుకుంది. ఆమె రాసింది ప్యాకీ గేటు దగ్గర చదివి వినిపించాలి, ఆయన "సరే" అంటేనే గుర్రం కదలాలి.