అక్క కలపని మాత్ర

మా అక్క భర్త, మా బావ, బట్టల మిల్లులో మగ్గం మీద పనిచేసేవాడు. మాట మెత్తన. సారాయి లోపలికి పోతే మాత్రం ఆ మనిషి వేరు. నేను అప్పటికే మా తమిళ సీమలోని గోరిమేడు పెద్దాసుపత్రిలో నర్సును. తాగి వచ్చే రోగులంటే నాకు చిరాకు, అది ఒళ్ళు పొగరనుకునేదాన్ని. బావ విషయంలోనూ అంతే.

ఎనభైల మొదట్లో, కూతురు పెద్దమనిషైన రోజున, ఇక ముట్టనని ఆయన దీపం ముందు ఒట్టేశాడు. నిజంగానే ముట్టలేదు. మూడో రోజుకు చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట పట్టింది. గోడ నిండా చీమలని అరచేతులతో తుడవసాగాడు. పక్కింటి అవ్వ గాలి సోకిందని చెప్పి మంత్రగాడికి కబురు పంపించింది. డ్యూటీ దిగి వచ్చిన నన్ను ఆయన గుర్తుపట్టలేదు.

మా వార్డులో ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. కొత్త వైద్య పత్రికలు చదివి, అందులోవి మాకు చెప్పేవాడు. తాగుడు బుద్ధిదోషం కాదు, జబ్బు అనేవాడు. ఏళ్ళ తరబడి తాగినవాడు ఉన్నపళంగా మానేస్తే ప్రాణం మీదికొస్తుందని అతను చెప్పింది గుర్తొచ్చి, బావను రిక్షాలో ఎక్కించాం.

నరాలు నెమ్మదించే మాత్రలు ఇచ్చి, రోజురోజుకూ తగ్గించారు. విటమిన్ సూదులు వేశారు. ఆరో రోజు పొద్దున బావ నన్ను చూసి, "నువ్వేంది ఈడ?" అన్నాడు. నేను వరండాలోకి పోయి ఏడ్చాను.

ఇంటికి పంపే ముందు డాక్టరు ఇంకో మాత్ర సంగతి చెప్పాడు. అది వేసుకున్నవాడు తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయట. అక్క నన్ను పక్కకు లాగింది.

"అన్నంలోకి పోసే కొళంబులో కలిపేస్తా. ఆయనకి తెలవనీయొద్దు."

నాకూ అదే మంచిదనిపించింది. డాక్టరును అడిగితే ఒప్పుకోలేదు. తెలియకుండా పెడితే ప్రమాదమన్నాడు, పైగా మానాల్సింది ఆయనే కదా అన్నాడు. అక్క బావ మంచం దగ్గరికి పోయి, తాను చేయబోయింది తానే చెప్పేసింది.

"చెప్పకుండా పెట్టుంటే నీ చేతి కూడు మళ్ళీ తినుంటానా?" అన్నాడు బావ. "ఇయ్యి. నీ ఎదురుగానే మింగుతా."

ఎనిమిది నెలలు అలాగే మింగాడు. ఆపైన ఒక వారం మాత్ర మానేసి, పిళ్ళైచావడిలో స్నేహితుడింటి పెళ్ళికి పోయి తాగొచ్చాడు. డాక్టరు ముందు తలెత్తలేకపోయాడు. నేను నాలుగు దులిపేద్దామని కూచున్నాను. డాక్టరు మాత్రం, "జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ మొదలెడదాం," అని తమిళంలో చెప్పి చీటీ రాశాడు. ఆ రోజు నుంచే నేను వార్డులో తాగినవాళ్ళ మీద గొంతు పెంచడం మానేశాను.

రెండోసారి మానడం నిలబడింది. కూతురి పెళ్ళి బావ తన చేతుల మీదుగా చేశాడు. అయినా అక్క చాలా ఏళ్ళపాటు, ఆయన సైకిల్ దిగి నడిచొచ్చే తీరు గుమ్మంలో నిలబడి చూసేది. బావకు అది తెలుసు. ఎప్పుడూ తప్పుపట్టలేదు.