బుడగలాయన తొట్టికి వచ్చిన కష్టం

మా వీధి చివర కంచె లోపల రెండు సిమెంటు తొట్లున్నాయి. ఊళ్లోని స్నానాల నీళ్లు, అంట్ల నీళ్లు, మరుగుదొడ్ల నీళ్లు అన్నీ గొట్టాల్లో అక్కడికే చేరతాయి. వాటిని చూసుకునే మనిషి ఒకప్పుడు పంపుసెట్లు బాగుచేసేవాడు. ఈ పనికి ఎవరూ ముందుకు రాకపోతే తనే వచ్చాడు. మొదటి తొట్టి అడుగు నుంచి ఎప్పుడూ గాలి బుడగలు వస్తుంటాయి కాబట్టి అందరికీ ఆయన బుడగలాయనే.

అక్కడేం జరుగుతోందో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. వెళ్లి అడిగేశాను.

"ఇంత మురికీ ఎటు పోతుంది నాయనా?"

"పురుగులు తినేస్తాయి పిన్నీ. కంటికి ఆనవు. వాటికి గాలి పెట్టడమే నా పని."

"పని వాటిదీ, జీతం నీదీనా!"

ఆయన పడీపడీ నవ్వాడు. అప్పటినుంచి రోజూ నన్ను లోపలికి రానిచ్చేవాడు. తొట్టి నీళ్లు జాడీలో పట్టి గట్టు మీద పెడితే, గోధుమరంగు మడ్డి అడుగుకు దిగి పైన తేట నిలిచేది. రెండో తొట్టిలోనూ అలాగే తేరేది. ఆ తేటనే వాగులోకి వదిలేవాడు. దిగువ ఊళ్లవాళ్లు వాడుకునేది ఆ వాగు నీళ్లే.

ఒకరోజు మడ్డి దిగలేదు. తొట్టి నల్లబడింది. ముక్కు మూసుకున్నా వాసన ఆగలేదు. ఆయన వాగు తూము మూసేశాడు.

"పురుగులు చస్తున్నాయి పిన్నీ. ఎవరో ఏదో పోశారు. తొట్టి పొంగిందంటే ఈ నలుపంతా వాగులోకే."

ఆ ఎవరో ఎవరో కనుక్కునే పని నేను నెత్తినేసుకున్నాను. గొట్టాల దారిలోని మూతల వెంట వాసన చూసుకుంటూ పోతే పాలకేంద్రం ముందు పులిసిన కంపు గుప్పుమంది. ఆ కేంద్రం నడిపేది బుడగలాయన సొంత అక్క. వెంటనే ఆయన్ని పిలుచుకొచ్చాను.

"కరెంటు పోయి పాలన్నీ విరిగిపోతే పారబోశా. పాలేగా, విషమా?" అందావిడ.

"తిండేనక్కా. అంత తిండి ఒక్కసారే పడేసరికి పురుగులు ఎగబడి తిని, ఉన్న గాలంతా పీల్చేశాయి. ఊపిరాడక పోతున్నాయి."

"తిండెక్కువై చావడమేంట్రా? మీ బావ బతికే ఉన్నాడుగా!"

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు.

"పక్క ఊరి తొట్టిలోంచి పురుగులు బతికున్న మడ్డి తెచ్చి కలపాలి. ట్యాంకరు ఇప్పట్లో రాదట. అది వచ్చేలోపే తొట్టి పొంగిపోతుంది."

"పెరుగుకు తోడేసినట్టా?"

"అచ్చం అంతే." ఆయన కళ్లు గోడవారగా ఉన్న పాల క్యాన్ల మీదికి పోయాయి.

"ఆ చూపేంట్రా? నా క్యాన్లలోనా? చచ్చినా ఇవ్వను!"

"ఇంత గట్టి మూతలున్నవి ఊళ్లో ఇంకెక్కడున్నాయక్కా?"

"ఆ తర్వాత నా దగ్గర పాలెవరు కొంటారు? ఈ పిన్నికి తెలిసిందంటే ఊరంతా చాటింపేసినట్టే."

"వేస్తానమ్మా," అన్నాను. "మడ్డికిచ్చిన క్యాన్లేవో, పాలకున్నవేవో చూపించి మరీ వేస్తా."

ఆవిడ నన్ను కొరకొరా చూసింది. తర్వాత ఒక్కో క్యాను పక్కకు లాగి, దాని చెవుల్లాంటి పిడులకు ఎర్రరంగు పులిమింది. "ఇవి మళ్లీ నా గడప తొక్కకూడదు," అని పాల వ్యాను తాళాలు తీసింది. డ్రైవరు రానన్నాడు. ఆవిడే నడిపింది. వెనక క్యాన్లు దొర్లకుండా నేను కూర్చున్నాను.

తెచ్చిన మడ్డి పోశాక బుడగలాయన గాలి పెంచి అక్కడే కాపు కాశాడు. తొట్టి అంచుదాకా వచ్చింది కానీ పొంగలేదు. వాసన మెల్లగా తగ్గింది, నలుపు విరిగి గోధుమరంగు తిరిగింది. తూము తెరిచిన రోజు అక్క కూడా వచ్చింది. తేట నీళ్లు వాగులోకి జారుతుంటే కంచె పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఒరేయ్, మళ్లీ పాలు విరిగితే?"

"నాకు చెప్పక్కా. కొంచెం కొంచెంగా పెడతా."

"ఎంతైతే అరుగుతుంది వాటికి?"

ఆయన చెప్పబోయాడు. ఆవిడ గేటు తీసుకుని లోపలికే వచ్చేసింది.