మా ఇంట్లో ఉందని రాసిన జానెడు గుడ్డ

మొన్న ఆదివారం, ఆదోనిలో పంతులమ్మగా ఉన్న మా బావ కూతురు ఫోన్ పట్టుకొని ఎమ్మిగనూరు వచ్చింది. ఫిన్లాండు రాయబార కార్యాలయం వాళ్లు, వాళ్ల జనానికీ మన జనానికీ స్నేహం కలిపే చిన్న పనులకు కాస్త సాయం ఇస్తారట. తన బడి పిల్లల కోసం ఆ దరఖాస్తు నింపుతూ, ఆ దేశంతో మీ ఊరికున్న పాత సంబంధం ఏమిటని అడిగే గడి దగ్గర ఆగిపోయింది. నాకు నవ్వు ఆగలేదు. చాలా ఏళ్ల కిందట ఆ గడిని నేనూ ఒకసారి నింపాను మరి.

అప్పట్లో నేను ఇక్కడి నేతగాళ్ల సంఘంలో రాతపని చూసేవాణ్ణి. తుంగభద్రలో మొసలి నాకు దారి ఇచ్చి పక్కకు తప్పుకుందని చెప్పి నలుగురిని నమ్మించిన వయసు. మా మేనత్త మగ్గానికి నూలు రాక నెలలు గడిచాయి. పండుగ దాకా చూసి మగ్గం విప్పి అమ్మేస్తానని ఆమె అనేసింది. ఆ సాయం వస్తే ఫిన్లాండు నుంచి ఒక నేతగత్తె వస్తుంది, ఇద్దరూ కలిసి నేస్తారు, నూలు కూడా వస్తుంది. కానీ ఫిన్లాండుకూ మాకూ పాత సంబంధం ఎక్కడిది చెప్పండి? ఆదోని ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, మా తాత కాలంలో అక్కడి దొర ఒకాయన మంత్రాలయం పోతూ బండి ఇరుసు విరిగి మా ఇంట్లో దిగాడనీ, మా మగ్గం మీద జానెడు గుడ్డ నేశాడనీ, అది నేటికీ మా పెట్టెలో ఉందనీ రాసేశాను.

సాయం వచ్చింది. వెనకాలే, ఆ గుడ్డను వస్తున్న నేతగత్తెకు చూపించండని ఉత్తరమూ వచ్చింది.

"యాడుందప్పా ఆ గుడ్డ? తీస్కరా, నేనూ సూస్తా" అంది అత్త.

కొత్త గుడ్డను టీలో ముంచితే నూరేళ్ల పాతది అవుతుందని గొణిగాను.

"మగ్గమన్నా అమ్ముకుంటా గానీ, నా సేత్తో దొంగ గుడ్డ నెయ్యనప్పా."

ఆదోని స్టేషన్లో దిగిన అతిథి తల నెరిసిన పెద్దామె. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కోగానే గుడ్డ గురించే అడిగింది. అత్తకు ఇంగ్లీషు రాదు, నా ముఖం చదవడం మాత్రం వచ్చు.

"మావోడు అబద్దం రాసినాడని సెప్పు. ఒక్క మాట మింగినా నాకు తెలుస్తాది."

నా అబద్ధాన్ని నేనే ఇంగ్లీషులోకి మార్చి ఒప్పుకున్నాను. ఆ రోజు చెమటలు పట్టినట్టు మే నెలలో కూడా పట్టలేదు. నూలు వెనక్కి పోతుంది, మగ్గం పోతుంది అనుకున్నాను. ఆమె లేచి మగ్గం దగ్గరకు వెళ్లి, గుడ్డ కోసేశాక కూడా ఈ దారాల కొసలు ఎందుకు ఉంచారని అడిగింది.

"మగ్గం బోడిగా ఉండగూడదు. పాత కొసలకే కొత్త పడుగు పోగులు అతుకుతాం" అంది అత్త.

నేను చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. వాళ్ల అమ్మమ్మ కూడా అంతేనట. కాకపోతే వాళ్లు ముడి వేస్తారు, మేము వేళ్లకు బూడిద అద్దుకొని మెలితిప్పుతాం. ఇద్దరూ చెరోవైపు కూర్చుని మూడు రోజులు అతికారు. అతుకులు పడిన మొదటి జానెడు ఆ పెద్దామే నేసింది. అత్త దాన్ని కోసి నా చేతిలో పెట్టి, "ఇప్పుడు పెట్టెలో పెట్టుకో పో" అంది.

ఆ మగ్గం మరో పదకొండేళ్లు ఆడింది. ఇప్పుడు అత్త లేదు; మగ్గం గుంట పూడ్చి బండలు పరిచారు, బావ అక్కడ బైకు నిలుపుతాడు. ఆయన కూతురికి ఇదంతా చెప్పి, గడిలో రాయమన్నాను.

"పో మామా, నీ కోతలు ఈడొద్దు. పెద్దోళ్లు సూసేది ఇది."

ఒకప్పుడు నేను అబద్ధం చెబితే జనం చాప వేసుకొని కూర్చునేవారు. నిజం చెబుతుంటే ఇంటి పిల్లే లేచి వెళ్తోంది. పెట్టె తెరిచి గుడ్డ ఆమె చేతిలో పెట్టాను. ఒక సగం ముడులు, ఒక సగం నునుపు. వేలితో తడిమి తడిమి చూసి, ఫోటో తీసి దరఖాస్తుకు జత చేసింది. ఫోటో చక్కగానే వచ్చింది. ముడులు మాత్రం అందులో కనిపించలేదు.