రేవెలుగు

ఇంతవరకూ నా మాట ఎవరూ చెవిన పెట్టలేదు. కాలనీ పెద్దలు వినలేదు, వార్డు ఆఫీసులో వినలేదు, మా ఇంట్లో కూడా సగమే విన్నారు. అందుకే రాస్తున్నాను.

పోర్టులో పనిచేసి రిటైరయ్యాక గాజువాక శివారులో మా స్థలంలోనే రెండు గేదెల్ని పెట్టుకున్నాను. ఒకటి తల్లి, రెండోది దానికి పుట్టిన పడ్డ, ఇంకా ఒక్క ఈతా ఈననిది. తల్లి ఎప్పుడు ఎదకొచ్చినా దసరా దాటి, పొద్దు తగ్గాకే. ఎదకొస్తే వీధంతా వినబడేలా అరుస్తుంది. ఈసారి పడ్డకీ ఈడొచ్చింది, కార్తీకంలో రెండూ చూడి కడతాయని ఆశపడ్డాం.

వానాకాలంలో పక్క లారీ యార్డువాళ్ళు ఎత్తైన స్తంభం పాతి దీపాలు బిగించారు. దీపం యార్డుది, వెలుతురు మా పాకది. వాళ్ళ గేటు దగ్గర డ్రైవర్లు సెల్‌ఫోన్ వెలుగులో తాళాలు వెతుక్కుంటుంటే మా పాకలో గడ్డిపోచలు లెక్కపెట్టుకోవచ్చు. ఇది పొరపాటున జరిగిందని మీరు నమ్మితే నమ్మండి. ఆ యార్డు ఓనరు ఒకప్పుడు మా స్థలం అడిగాడు. ఇవ్వనన్నాను. ఆనాటి నుంచి ఎదురుపడితే నమస్కారం కూడా మానేశాడు. ఆయన మర్చిపోయాడేమో, నేను మర్చిపోలేదు.

కార్తీకం వెళ్ళిపోయింది. తల్లీ అరవలేదు, పడ్డా అరవలేదు. పశువుల డాక్టరుగారిని పిలిచాను. ఆయన పరీక్ష చేసి గర్భసంచిలో లోపమేమీ లేదన్నారు. తర్వాత స్తంభం వైపు చూసి, నేను అడక్కుండానే చెప్పారు.

"గేదెలు పొద్దు తగ్గే కాలంలో ఎదకొస్తాయండి. చీకట్లో మెదడు నుంచి మెలటోనిన్ అని ఒక హార్మోన్ వస్తుంది. రాత్రి పెద్దదైందని ఒంటికి తెలిపేది అదే. మీ పాకలో రాత్రే లేదు కదా! వీటికింకా వేసవే."

వెలుతురు ఎక్కువసేపు ఉంటే పడ్డలు ఒళ్ళు చేస్తాయని కూడా ఆయనే అన్నారు. మాది నిజంగానే ఒళ్ళు చేసింది.

యార్డు సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి దీపం కాస్త అటు తిప్పమన్నాను.

"ఏటి బావా, జనాలకి రేసీకటొత్తాది, నీ గేదెకి రేవెలుగొచ్చిందేటి? నల్ల కళ్ళజోడు కొనియ్యి."

డ్రైవర్లంతా నవ్వారు. తిప్పడానికి ఎంతసేపు పడుతుందని అడిగాను.

"తిప్పడం నా సేతిలో నేదు బావా. పైనోల్ని అడగాల."

డాక్టరుగారిని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. సూపర్‌వైజరు టీ తెప్పించాడు, ఆయనకి మాత్రమే. టీ తాగి డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "లైటొక్కటే కారణమని చెప్పలేమండి. మినరల్ మిక్చర్ పెట్టి చూడండి." మా పాకలో చెప్పిన హార్మోన్ యార్డు గేటు దాటేసరికి ఎటు పోయిందో!

సరుకు మీద కప్పే పాత టార్పాలిన్ తెచ్చి పాక చుట్టూ కట్టాను. ఈ సముద్రపు ఉక్కలో గాలాడక గేదెలు నాలుకలు బయటపెట్టి రొప్పాయి. మా ఆవిడే కొడవలి తెచ్చి తాళ్ళు కోసేసింది. "ఏటండీ, లైటు మీద కోపం వీటి మీద సూపిత్తారా?" అంది.

మొన్న ఆనందపురం నుంచి పశువుల బేరగాడు వచ్చాడు. నేను పిలవలేదు. పడ్డ నడుం మీద తట్టి, "కండ బాగుంది బావా. సూడి కట్టనిదాన్ని ఎన్నాళ్ళు మేపుతావు?" అన్నాడు.

"కట్టలేదని నీకెవరు చెప్పారు?"

అతను యార్డు వైపు ఒకసారి చూసి, మాట మార్చి, వచ్చేవారం మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. అతని చేతికి వెళ్ళాక అది పాలవాడి ఇంటికి చేరదు, కత్తి కిందికే. ఆ సంగతి మా ఆవిడకీ తెలుసు. అయినా "ఏదో ఒకటి తేల్సండి" అంటోంది.

తేల్చాల్సింది నేను కాదు. డాక్టరుగారూ, పాకలో అన్న మాట యార్డులో ఎందుకు మింగేశారు? ఓనరుగారూ, మీ దీపం మీ గేటు మీద ఎందుకు పడదు? బేరగాడు తిరిగొచ్చేలోగా మీలో ఒక్కరైనా మా పాక ముందుకొచ్చి, ఆ వెలుతురులోనే నిలబడి నాకు జవాబు చెప్పండి.